డయల్ వెనక్కి తిరిగేటప్పుడు

నర్సు అయిదోసారి డయల్ తిప్పింది.

అయిదోసారీ ఎవరో బట్టల కొట్టతనే ఫోనెత్తాడు. "రాంగ్ నంబరని చెబుతున్నానా!" అని విసుక్కుని పెట్టేశాడు.

లోపల కాన్పయిన అమ్మాయికి రక్తం ఆగడం లేదు. బ్లడ్ బ్యాంకు ఊరికి ఆ చివర ఉంది. ఆసుపత్రి మొత్తానికీ ఉన్నది ఈ ఒక్క ఫోనే.

నర్సుకు రాత్రి డ్యూటీ అలసటే ఇంకా తీరలేదు. ఇంటికెళ్ళి నాలుగు గంటలు కునుకు తీసి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. వాచిన కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు.

వరండా బెంచీ మీది పెద్దాయన లేచి ఫోను దగ్గరికి వచ్చాడు. కాళ్ళు దారికి అడ్డం పెట్టాడని ఇందాకే ఆయన్ని రెండుసార్లు కసురుకుంది.

"డయల్‌ని వేలితో వెనక్కి తొయ్యకండమ్మా."

"మీరెళ్ళి కూర్చోండి. అక్కడ ప్రాణం మీదికొచ్చింది!"

"తిప్పినప్పుడు లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, అంతే. నంబరు వెళ్ళేది అది వెనక్కి తిరిగేటప్పుడు. అయిదు తిప్పితే లైను అయిదుసార్లు తెగి కలుస్తుంది. ఎక్స్‌ఛేంజీ ఆ తెగడాలే లెక్కపెడుతుంది. తోస్తే లెక్క తప్పుతుంది."

"తొయ్యకపోతే మధ్యలో ఆగిపోతోందండీ! నన్నేం చెయ్యమంటారు?"

ఆమె డయల్ వదిలి పక్కకు జరిగింది.

ఆయన ఒకసారి డయల్ తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. అది కొంచెం కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది.

"వేగం సమంగా ఉంచే చక్రం పట్టేసింది. విప్పి బాగుచేసే వ్యవధి లేదు. నంబరు చెప్పండి."

ఆమె చెప్పింది.

ఆయన రిసీవరు ఎత్తి, అది పెట్టినప్పుడు కిందికి దిగే మీటను వేలితో తట్టసాగాడు. మూడు తట్లు. ఆగాడు. ఏడు. ఆగాడు.

"డయల్ చేసే పనే వేలూ చేస్తుంది. ముప్పయ్యేళ్ళు ఇదే ఉద్యోగమమ్మా నాది."

సున్నాకి పదిసార్లు తట్టాడు, పెదవులతో లెక్కపెడుతూ.

"బ్లడ్ బ్యాంక్," అంది రిసీవరు.

దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

అరగంటలో రక్తం వచ్చింది. సాయంత్రానికి ఆ అమ్మాయి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. నర్సు కాళ్ళీడ్చుకుంటూ వరండాలోకి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది. ఆయా నేల తుడుస్తోంది.

"ఆ పెద్దాయన ఏరి, ఆయమ్మా?"

"ఇందాకే వెళ్ళిపోయారు. ఉన్నంతసేపూ ఆ డయల్ విప్పి శుభ్రం చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు చక్కగా తిరుగుతోందమ్మా."

"అదేమిటి, కూతుర్ని చూసుకోకుండానే వెళ్ళారా?"

ఆయా తుడవడం ఆపింది.

"లోపలున్న పిల్ల ఆయనకేమీ కాదమ్మా. పొద్దున ఈ ఫోను కలవక, రక్తం అందక పోయిందే ఒక బాలింత... ఆయన ఆమె తండ్రి, శవాన్ని అప్పగిస్తారని కూర్చున్నారు."