తాటిపత్రి కప్పిన ఆటో

"అమ్మా, జర బయటికి రా. నీకొకటి చూపెట్టాలె."

గేటు బయట మాసిన గడ్డం, తడిసిన చొక్కా. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

స్నేహలత తలుపు వేసుకుంది. గొళ్లెం కూడా పెట్టింది.

మరునాడు పొద్దునకి గల్లీ మలుపులో ఒక ఆటో ఉంది. చక్రాలు లేవు. ఇటుకల మీద నిలబెట్టి, నేల దాకా తాటిపత్రి పట్టా కప్పి, తాడుతో కట్టేశారు.

గేటు దగ్గరికి వచ్చిన ఆ మనిషే రోజూ వస్తాడు. తాటిపత్రి అంచు ఎత్తి కిందికి తొంగి చూస్తాడు. మళ్లీ కట్టేసి పోతాడు.

"చక్రాలు అమ్ముకున్నడు. మిగిలింది మన గల్లీల పారేసిండు" అన్నాడు ఎదురింటి వెంకట్రాజం.

"పారేస్తే రోజూ ఎందుకొస్తడు కాకా? లోపల ఏదో దాస్తాండు" అంది స్నేహలత.

ఆమెకు ఇంకో భయం. బిడ్డ ఏంజెల్ బడికి ఆ మలుపు మీదుగానే పోతుంది.

"మమ్మీ, ఆ అంకుల్ నన్ను కసిరిండు. ఆటో దగ్గర ఆడొద్దట."

"చూసినవా కాకా? ఏం లేకపోతే పిల్లల్ని ఎందుకు తరుముతడు?"

ఆమే మున్సిపల్ ఆఫీసుకు పోయి కాగితం రాసిచ్చింది. పాడుబడిన బండ్లు చూసే సారు వచ్చి తాటిపత్రి మీద నోటీసు అంటించాడు. ఆ మనిషి అక్కడే ఉన్నాడు.

"వారంల తియ్యాలె. లేకుంటే ఎత్తుకపోతం."

"తీస్త సార్. పని కానీయుండ్రి."

"ఏం పని?"

"మీ ఆఫీసుల రాసిచ్చిన గద సార్."

"అది వేరే సెక్షన్. నేను బండ్లే చూస్త."

ఆ మనిషి తల తిప్పుకుని తాటిపత్రి తాడు బిగించుకున్నాడు.

"నోరు తెరిస్తే దొరికిపోతడు గద" అని నవ్వాడు వెంకట్రాజం.

వారం తిరిగిన రోజు మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. గల్లీలో మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్లలోనే క్రేన్ వచ్చి ఆటోను ఎత్తుకుపోయింది.

"పీడ పోయింది" అనుకుంది స్నేహలత.

పావుగంటకు ఆ మనిషి ఉరుక్కుంటూ వచ్చాడు. ఖాళీ మలుపు చూశాడు. నీళ్లలోకి దిగి కట్టెతో తడిమాడు. ఆటో ఉన్న చోటే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

బడి విడిచే వేళ అది.

"ఏయ్, జరుగు! పోలీసులకు ఫోన్ చేస్త!" అని గేటు దగ్గర్నుంచి అరిచింది స్నేహలత.

"చెయ్యి చెల్లే. పిల్లలు పోయినంక జరుగుత."

పిల్లలు వచ్చారు. కట్టె అడ్డం పెట్టి, ఒక్కొక్కరినే గోడవారగా పంపాడు. ఏంజెల్‌ను కూడా.

సాయంత్రానికి వాన ఆగింది. నీళ్లు తీశాయి. ముందు ఆయన మోకాళ్లు కనిపించాయి. తర్వాత పాదాలు.

ఆ రెండు పాదాల మధ్య మూత లేని మ్యాన్‌హోల్. లోపల నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

స్నేహలత బిడ్డను పొదివి పట్టుకుంది.

"ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్దామనే వచ్చిన. తలుపేసినవ్."

వెంకట్రాజం దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"మరి చక్రాలేమైనయ్ తమ్మీ?"

"నేనే తీసిన. ఎవరన్న నెడితే జరుగుతదని."

"అంటే... ఆ బండి నడుస్తదా?"

ఆయన కట్టెను వెంకట్రాజం చేతికిచ్చి పక్కకు జరిగాడు.

"నడవకేం కాకా? నెల కిందటి దాంక నా ఇల్లు గడిచింది దాని మీదనే."