ఇసుక మూటలు

మా ఆయన పోయాక మూలనపడ్డ పాత కారు అది. ఇన్నాళ్ళకి తలుపుకీ ముందు చక్రం మీది ఫెండర్‌కీ మధ్య సందు గీత గీసినట్టు సమంగా వచ్చింది. టింకరింగ్ మేస్త్రి సుత్తి పక్కన పెట్టాడు.

“టాపు లేని బండి కదమ్మా, మనిషి ఎక్కితే బాడీ కుంగి సందులు మారిపోతాయి. అందుకే సార్ బరువెంతో మీ మరిదిగారిని అడిగి, డ్రైవర్ సీట్లో అంత బరువు ఇసుక మూటలు పెట్టి తలుపు సరిచేశాను.”

మా మరిది ఆ మూటల్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

“అన్నయ్య కూర్చున్నట్టే ఉంది వదినా. ఇక దీన్నెవరూ ముట్టుకోకూడదు. మన షాపు ముందు అద్దాల గదిలో పెట్టేద్దాం.”

“ఆ మూటలు దించు మేస్త్రీ,” అన్నాను.

దించాడు. నేనెక్కి తలుపేసుకున్నాను. ఆయనలో సగం కూడా ఉండను కదా, సందు పైవైపు నోరు తెరిచింది.

“ఇప్పుడు నా బరువుకి బిగించు.”

మేస్త్రి మా మరిది మొహం చూశాడు.

“అటు కాదు, ఇటు చూడు. పానా తియ్యి.”

మరిదికి ఒళ్ళు మండింది. “నీకు నడపడం ఎక్కడొచ్చు వదినా? పెళ్ళైనప్పటినుంచీ చూస్తున్నా, ఎప్పుడూ పక్క సీట్లోనేగా కూర్చున్నావు.”

“పక్కన కూర్చోకుండా నేర్పడం ఎలా కుదురుతుంది? ఇది మా నాన్న కారు. మీ అన్నయ్యకి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది నేనే. నేర్చుకున్నాక, ఈ సీటు మళ్ళీ నాకివ్వలేదు.”