విద్యార్థులకు మాత్రమే

“మళ్ళీ మొదటినుంచి చెప్పు. నాకేం ఎక్కలేదు,” అంది అమ్మ, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటూ.

కూతురు సూట్‌కేసు సర్దడం ఆపింది. “ఒక కంప్యూటర్ ఇంకోదాని జవాబు కోసం ఆగుతుంది. అది మరోదాని కోసం. చివరికి అన్నీ ఆగిపోతాయి.”

“గుమ్మంలో ఇద్దరు పెద్దమనుషులు ‘ముందు మీరు, ముందు మీరు’ అనుకుంటూ నిలబడిపోయినట్టా?”

కూతురికి నవ్వొచ్చింది. “అచ్చం అలాగే. ఆ చిక్కు పడకముందే పసిగట్టే పద్ధతి ఒకటుంది. అది ఇంకాస్త వేగంగా పనిచేసేలా నేను మార్చాను. ఎల్లుండి సదస్సులో దాని గురించే మాట్లాడాలి.”

“అంత దూరం వెళ్ళాలా? ఖర్చెవరు పెట్టుకుంటారు?”

“సదస్సు వాళ్ళేనమ్మా. టికెట్టూ, బసా అన్నీ. విద్యార్థుల ప్రయాణాల కోసం వాళ్ళ దగ్గర ఓ నిధి ఉంది.”

“నన్నూ తీసుకెళ్ళవే.”

“విద్యార్థులకే ఇస్తారమ్మా.”

“అవున్లే. నేనొచ్చి చేసేదేముంది, నోరు తెరుచుకుని చూడ్డం తప్ప!”

కూతురు తల వంచుకుని బట్టలు మడతపెట్టసాగింది. నిధి మంజూరైందని తెలిసిన రోజు ఆమెకు సంతోషం కలగలేదు. వద్దని రాసేద్దామనుకుంది. ఈమధ్య అమ్మ పొద్దున ఆమెను గుర్తుపడితే సాయంత్రానికి మర్చిపోతోంది. కొన్నాళ్ళు కంటికి కనపడకపోతే ఆ కాస్తా చెరిగిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. పిన్నే పట్టుబట్టింది. “మీ అమ్మ బాగున్న రోజుల్లో అయితే ఈ మాటకి నీ చెవి మెలేసేది. మాట్లాడకుండా వెళ్ళు. అక్కని నేను చూసుకుంటా,” అంటూ బట్టల సంచితో సహా దిగిపోయింది.

వీధిలో ట్యాక్సీ హారన్ మోగింది.

“ఇంతకీ ఆ పద్ధతి కనిపెట్టినాయన వస్తాడా అక్కడికి?” అని అడిగింది అమ్మ.

“రారు. ఒంట్లో బాగోలేదు.”

“అయ్యో పాపం! ఎవరైనా దగ్గరుండి చూసుకుంటున్నారా?”

“చూసుకుంటున్నారు.”

“నువ్వు మాట్లాడేటప్పుడు ముందు ఆయన పేరు చెప్పు. అది మర్యాద.”

“అలాగే.”

అమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. “మరి మీ అమ్మకి చెప్పావా, వెళ్తున్నట్టు?”

గుమ్మం దగ్గర పిన్ని మొహం తిప్పుకుంది.

“చెప్పాను,” అంది కూతురు.

“ఏమంది?”

“జాగ్రత్తగా వెళ్ళి రమ్మంది.”

సదస్సులో వేదిక ఎక్కగానే కూతురు ఆ మాట నిలబెట్టుకుంది. తన పని గురించి ఒక్క ముక్క చెప్పకముందే, ఆ పద్ధతి కనిపెట్టినవారి పేరు పలికింది. ముందు వరసలోని నెరిసిన తలల నుంచి వెనక కుర్చీల్లోని కుర్రకారు దాకా హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అది అమ్మ పేరు.