గడప దాటని రక్తపిశాచి

"కట్! ఆర్డిస్ గారూ, మీరు ఆయన్ని లోపలికి పిలవకూడదు. వాకిట్లో నిలబడ్డది రక్తపిశాచి!"

మారిట్ తల పట్టుకుంది. కిటికీలోంచి పడుతున్న ఎండ అప్పుడే సోఫా దిగి నేల మీదికి జారుతోంది. తను తీస్తున్న నవ్వుల సినిమా మొత్తానికి ప్రాణం ఈ ఒక్క సన్నివేశమే. పట్టపగలు ఒళ్లంతా సన్‌స్క్రీన్ పూసుకుని వచ్చిన రక్తపిశాచి, పిలవందే గడప దాటలేక వణుకుతూ బతిమాలాలి. ఇంటావిడ "పిలవను పో" అని మొహం మీదే తలుపెయ్యాలి. ఎండ పోతే సన్నివేశం పోయినట్టే. రేపు తీద్దామంటే పిశాచి ఊళ్లో ఉండడు. ఆ వేషం కట్టిన ఎదురింటి లాయిడ్ తెల్లారగానే చలి లేని అరిజోనా బయల్దేరుతున్నాడు. మంచు కరిగేదాకా ఈ మిన్నెసోటా మొహం చూడడు.

"అది కాదమ్మాయ్," ఆర్డిస్ నొచ్చుకుంది. "బయట మైనస్ ఇరవై. మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడ్డం మా ఇంటా వంటా లేదు."

"మనిషి కాదండీ, పిశాచి!"

"పిశాచికి మాత్రం చలెయ్యదూ?"

కెమెరా వెనక వెండెల్ కిసుక్కున నవ్వాడు. అతనికీ మారిట్‌కీ పెళ్లయి మూడు వారాలు. హనీమూన్‌కని దాచుకున్న సెలవులన్నీ ఈ పిశాచికే ధారపోశారు. మారిట్ అతణ్ణి కోపంగా చూడబోయి, అతని ముక్కు మీద అంటుకున్న సన్‌స్క్రీన్ చుక్క చూసి తనే నవ్వేసింది.

"సరే, ఇంకోసారి. యాక్షన్!"

తలుపు తెరుచుకుంది. లాయిడ్ నల్లటి అంగీ విదిలించి, కోరలు బయటపెట్టి గుర్రుమన్నాడు. "నన్ను లోపలికి పిలువు!"

"రండి రండి లాయిడ్ గారూ, భోజనానికి హాట్‌డిష్ వండి ఇప్పుడే ఓవెన్లోంచి తీశాను. పైన బంగాళాదుంపలు కరకరలాడుతున్నాయి."

పిశాచి కోరలు చటుక్కున పెదాల వెనక్కి పోయాయి. "అయ్యో, ఎందుకండీ మీకు శ్రమ!"

"శ్రమేముంది, రండి."

"వద్దండీ, బూట్లనిండా మంచు. మీ తివాచీ పాడవుతుంది."

"కట్!" మారిట్‌కి ఏడుపొక్కటే తక్కువ. "లాయిడ్ గారూ, మీరు లోపలికొస్తానని ఏడవాలి! ఆవిడ వద్దనాలి! ఎవరి మాట ఎవరు చెబుతున్నారసలు?"

"పిలిచారు కదా అని చేతులూపుకుంటూ వచ్చేస్తామా అమ్మా?" అన్నాడు పిశాచి సిగ్గుపడుతూ. "పదకొండేళ్లుగా ఎదురిల్లే. ఏనాడూ ఈ గడప దాటి ఎరగను."

"పిలవని రోజు లేదు, వచ్చిన రోజూ లేదు," గోడకేసి చూస్తూ అంది ఆర్డిస్.

ఎండ గుమ్మం దాకా వెళ్లిపోయింది. "ఇదే ఆఖరు," అన్నాడు వెండెల్ మెల్లగా.

మారిట్ ఆర్డిస్ చేతులు రెండూ పట్టుకుంది. "ఈ ఒక్కసారికి మనసు రాయి చేసుకోండి. మీ పుణ్యముంటుంది."

ఆర్డిస్ కాసేపు లాయిడ్ వైపే చూసింది. "తలుపు వెయ్యాలి. అంతేగా?"

"అంతే."

"లోపలికి రమ్మనకూడదు."

"అస్సలు అనకూడదు."

"సరే అయితే." ఆర్డిస్ స్వెటర్ గుండీలు మెడదాకా పెట్టుకుంది.

"యాక్షన్!" అని, చూసే ధైర్యం లేక మారిట్ కళ్లు మూసుకుంది.

"నన్ను లోపలికి పిలువు!"

"పిలవను! పిలిచీ పిలిచీ నోరు పడిపోయింది. ఇక చచ్చినా పిలవను!"

దభాలుమంది తలుపు. గోడ మీద పటాలన్నీ అదిరాయి.

"వచ్చేసింది! అదిరిపోయింది!" మారిట్ ఎగిరి వెండెల్ మెడకు వేలాడింది. అతను కెమెరా ఆపలేదు. ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, మూసిన తలుపు వైపు చూపించాడు.

"ఆర్డిస్ గారేరీ?" మారిట్ గదంతా కలయజూసింది.

తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది. "కాస్త జరుగు లాయిడ్. నువ్వెలాగూ లోపలికి రావు, నేనే బయటికొచ్చేశాను."