అరగంట పని

మేడ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించి వచ్చిన కోడలు, బ్యాటరీ దగ్గర పని ఆపేసింది. "ఫ్యూజు లేకుండా కలపను మామయ్యా. షార్టయితే నిప్పు రాకుండా ఆపేది అదే."

"అది రేపొస్తుందిగా! ఇవాళ్టికి కానియ్యి."

"కానివ్వను."

మామగారికి ఒళ్ళు మండింది. "నా కొడుకు బతికుంటే అరగంటలో బిగించేవాడు. వాడి దగ్గర పని నేర్చుకుని నాకే పాఠాలా? తప్పుకో, నేనే కలుపుతా," అని స్పానర్ లాక్కున్నారు.

ఆమె బ్యాటరీకి అడ్డంగా నిలబడింది.

"షాపు తగలబడి ఆయన పోయిన రోజూ అరగంటలోనే బిగించారు మామయ్యా, ఫ్యూజు పెట్టకుండా. ఇన్వర్టర్‌లో లోపమని మీ అందరికీ నేనే అబద్ధం చెప్పాను. ఆయన పనికి చెడ్డపేరు రాకూడదని."

ఆమె అడుగైనా కదల్లేదు.

మామగారు స్పానర్ కింద పెట్టారు. "మీ అత్తయ్యకి మాత్రం ఆ అబద్ధమే ఉండనియ్యమ్మా," అన్నారు.