అన్నం తినే చేతి పక్క

ఆపరేషన్ గదుల్లో డాక్టర్లు కనబడడం మానేసి చాలా ఏళ్లయింది. కోసేదీ కుట్టేదీ యంత్రమే. మనిషికి మిగిలిన పని ఒక్కటే. రోగిని వెల్లకిలానో బోర్లానో పడుకోబెట్టి, జబ్బు ఏ పక్కో నోటితో చెప్పాలి. ఆ మాట లేనిదే కత్తి కదలదు. చెప్పాక ఇక ఆగదు.

వరహాలమ్మది ఆ పనే. కుడి అన్నా ఎడమ అన్నా రోగి ఒంటికే గాని, ఎదురుగా ఉన్నవాళ్లకి కాదు. అందుకే కొత్తలో తానూ రోగిలాగే నేలమీద పడుకుని, చూసుకుని మరీ చెప్పేది. పదేళ్లుగా ఆ అలవాటు వదిలేసింది.

ఇవాళ బల్లమీదున్నది సొంత అక్క పైడితల్లి. చెల్లెలికి ఎదురుగా కూర్చుని నడుం పక్కన చెయ్యేసి చూపించింది.

"అన్నం తినే చేతి పక్కేనే, సలిపేస్తోంది. భయమేస్తోందే."

"నేనున్నాను కదక్కా. బోర్లా పడుకో."

"తీసెయ్యాల్సిన కిడ్నీ ఏ పక్కది?" అనడిగింది యంత్రం.

"ఎడమ," అని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది వరహాలమ్మ. వెనకాల తలుపు బిగుసుకుంది.

అప్పుడు తట్టింది. తను చెప్పింది అక్క ఎడమా, ఎదురుగా నిలబడ్డ తన ఎడమా?

వరండాలో జనం చూస్తుండగానే నేలమీద బోర్లా పడుకుంది. చెంప గచ్చుకి ఆనించి, కంచంలోకి చాపినట్టు చెయ్యి ముందుకి చాపింది.

కుడిచెయ్యి.

చెంపకింద గచ్చు సన్నగా అదరడం మొదలైంది. లోపల యంత్రం పనిలోకి దిగింది.