ఒక్క వానదాకా

పలకరాతి ముక్కల ట్రాక్టరు బావి అంచుకు రివర్సులో వస్తుంటే, ఒక ముసలాయన వెనక అడ్డంగా నిలబడ్డాడు.

“ఏంది పెద్దాయనా, చస్తావా?” డ్రైవరు అరిచాడు.

“పూడ్చొద్దయ్యా. ఒక్క వానదాకా ఆగండి.”

చంద్రశేఖరరావుకు చిరాకేసింది. మార్కాపురం శివార్లలో పాత చేనును ప్లాట్లు వేస్తే కొన్న స్థలం అది. ఇంటికి శ్లాబు పడింది, లోపలి పనులు మిగిలాయి. చుక్క నీరు లేని ఈ బావిని పూడ్చి, పైన పచ్చిక పరిచి, ఉయ్యాల వేయించుకోవాలని అతని భార్య అనంతలక్ష్మి కోరిక. అలాంటి తోట బొమ్మ ఒకటి ఫోన్లో దాచుకుంది కూడా.

“ఇందులో నీళ్లెప్పుడన్నా చూసినావా?” అన్నాడు చంద్రశేఖరరావు.

“లేదయ్యా. ఎవురూ చూళ్లేదు.”

ముసలాయన అనంతలక్ష్మి వైపు తిరిగాడు.

“పైన పచ్చిక వేస్తారంట గదా, దానికి దినామూ ట్యాంకరు తెప్పిస్తావా తల్లీ? మీ మిద్దె మీది వానంతా బాయిలోకి మళ్లిస్తా. కూలి వద్దు నాకు.”

“కూలి వద్దనేవాడితోనే భయం. ఇరవై ఏండ్లు దుకాణంలో కూర్చున్నా, ఊరికే ఇచ్చేవాణ్ణి చూళ్లేదు” అని గొణిగాడు చంద్రశేఖరరావు.

“ఉండనీండి. ఒక్క వానే గదా” అంది ఆమె.

ఆయన పేరు మాలకొండయ్య. రోజూ పుల్లలచెరువు నుంచి మొదటి బస్సుకు సద్దిమూట పట్టుకుని వచ్చేవాడు. పూడ్చడానికి తెచ్చిన పలక ముక్కలనే పేర్చి, మిద్దె గొట్టం నుంచి బావిదాకా కాలువ కట్టాడు. మధ్యలో గుంట తీసి గులకరాళ్లు, బొగ్గు, ఇసుక వరసగా నింపాడు. స్నానాల గది నీళ్లు వృథాగా పోకుండా అరటిచెట్లకని తీసిన పాదుల్లోకి వాలు చేశాడు.

దగ్గుతూనే చేశాడు.

“తొలి వాన మురికి బయటికి పోనీయాల తల్లీ. తర్వాత గొట్టం ఇట్ల తిప్పుకోవాల. మర్చిపోవు గదా?”

“మర్చిపోనులే. ఎన్నిసార్లు చెప్తావు?”

“మా కూతురు రోశమ్మ నంబరు రాసుకో. బాయిలో నీళ్లు కనపడినాయంటే ఒక్క ఫోను కొట్టు. ఎట్లున్నా వస్తా.”

“కొడతాలే” అంది.

పని ముగిసింది. ఆయన రావడం మానేశాడు.

జూన్ అంతా మబ్బులు వచ్చి పోయాయి. జూలై చివర్లో మొదలైన వాన మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు పొద్దున అనంతలక్ష్మి బావిలోకి తొంగి చూస్తే, అడుగున ఆకాశం కనిపించింది.

“ఏమండీ, నీళ్లు! ఆ పెద్దాయనకు చెప్పాలి.”

“చెబుదువులే. వచ్చినాడంటే అప్పుడొద్దన్న కూలి ఇప్పుడడుగుతాడు. ముందు గృహప్రవేశం కానీ.”

నిజమేననిపించింది ఆమెకు. పిలుపులు, చీరలు, వంటవాళ్లు. రోజులు తెలియకుండా గడిచాయి.

శ్రావణంలో గృహప్రవేశానికి వచ్చినవాళ్లు హాలూ, వంటిల్లూ వదిలేసి బావి చుట్టూ మూగారు.

“ఏ ఇంజనీరు ప్లానండీ ఇది?”

“మేమే అనుకుని చేసుకున్నాం” అన్నాడు చంద్రశేఖరరావు.

పక్కనే ఉన్న అనంతలక్ష్మి తలదించుకుంది.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది.

“రోశమ్మేనా? మార్కాపురం నుంచి. బావిలోకి నీళ్లొచ్చాయని మీ నాయనకు చెప్పమ్మా.”



“ఎప్పుడొచ్చినాయమ్మా?”

“పన్నెండు రోజులైంది.”

“మా నాయన పోయి నాలుగు దినాలమ్మా. మంచంలో ఉండి కూడా పొద్దునా మాపూ అదే అడిగినాడు, ఫోను వచ్చిందా అని. రాలేదు నాయనా అని చెప్తానే ఉన్నా.”

అనంతలక్ష్మి ఫోనుతోనే బావి దగ్గరికి నడిచింది. గట్టు మీద చెయ్యి వేసి అడిగింది.

“ఊళ్లో ఇన్ని బావులుండగా, మా బావి మీదే ఎందుకమ్మా ఆయనకంత ఇది?”

“దాన్ని తవ్వింది మావాళ్లేనమ్మా. ఇంకొక్క మూర తవ్వితే నీళ్లు పడతాయి నాయనా అని దిగిన మా అన్న, ఆ బాయిలోనుంచి మళ్ల పైకి రాలేదు.”